దసరాకా, దీపావళికా: రాజురా నుంచి ఎడారి పార్కులకు కారు ప్రయాణం

మన చంద్రపూర్ జిల్లా రాజురా నుంచి సొంత కారులో గుజరాత్, రాజస్థాన్ ఎడారి పార్కులు చూడాలని, భార్య, పదేళ్ళ కూతురు, బొగ్గుగనుల్లో పనిచేసి రిటైరైన నాన్నగారు వెంట ఉంటారని, మొత్తం పదిహేను రోజులు చేతిలో ఉన్నాయని మీరు రాశారు. దసరాకు బయలుదేరితే మంచిర్యాల నుంచి మీ బావమరిది కుటుంబం మరో కారులో కలుస్తుందని, దీపావళికైతే మన మహారాష్ట్ర బడి సెలవులు మీ అమ్మాయికి కలిసివస్తాయని చెప్పి, ఈ రెండింటిలో ఏది మేలని అడిగారు. దారిలో ముందు గుజరాత్ ముగించుకొని తరువాత రాజస్థాన్‌కు ఎక్కడం సరైనదేనా అన్నది మీ రెండో ప్రశ్న. చంద్రపూర్ నుంచి ఆ దారుల్లో కుటుంబాలను తీసుకువెళ్ళే పనిలో చాలా కాలంగా ఉన్నవాడిగా నా జవాబు ఇది: దీపావళికే వెళ్ళండి, మీరు అనుకున్న చుట్టును తలకిందులు చేసి ముందు రాజస్థాన్‌కు, చివరగా గుజరాత్‌కు వెళ్ళండి.

మన జిల్లావాళ్ళందరికీ పార్కు అనగానే తాడోబా పులుల అడవి గుర్తుకు వస్తుంది. వానాకాలం మూడు నెలలు మూసి, అక్టోబరు ఒకటిన తలుపులు తెరిస్తే ఆ రోజు నుంచే సఫారీ జిప్సీ జీపులు తిరుగుతాయి కాబట్టి, దేశంలో అన్ని పార్కులూ అదే లెక్కలో నడుస్తాయని అనుకోవడం సహజం. గుజరాత్‌లోని చిన్న కచ్ రణ్, అంటే అడవి గాడిదల అభయారణ్యం, భావనగర్ జిల్లాలోని వేలావదర్ కృష్ణజింకల జాతీయ ఉద్యానం మాత్రం జూన్ 16 నుంచి అక్టోబరు 15 వరకు మూసి ఉంటాయి. ఈ 2026లో అధిక జ్యేష్ఠం రావడం వల్ల పండుగలన్నీ వెనక్కు జరిగి దసరా అక్టోబరు 20న, దీపావళి నవంబరు 8న పడ్డాయి. కాగితం మీద చూస్తే దసరా నాటికి తలుపులు తెరిచినట్టే. అయితే తలుపు తెరవడం వేరు, నేల ఆరడం వేరు, మీ ప్రయాణం ఆధారపడేది రెండోదాని మీద.

రణ్ నేల ఎందుకు అంత నిదానంగా ఆరుతుందో తెలిస్తే ఈ తేదీల గొడవ సులభంగా అర్థమవుతుంది. వానాకాలంలో బనాస్, రూపేణ్ వంటి నదులు తెచ్చిన నీరు ఒకవైపు నుంచి, నైరుతి గాలి కచ్ అఖాతం నుంచి నెట్టిన ఉప్పునీరు మరోవైపు నుంచి వచ్చి, సుమారు ఐదు వేల చదరపు కిలోమీటర్ల చదునైన బంకమట్టి మీద పలుచగా పరుచుకుంటాయి. ఆ మట్టిలో నీరు ఇంకదు, వాలు లేదు కాబట్టి పారదు, ఎండకు ఆవిరై పోవడం ఒక్కటే దానికి దారి. అందుకే అక్టోబరు మూడో వారంలో పైకి ఎండినట్టు తెల్లగా కనిపించే చోట కూడా, పాల మీద మీగడ కట్టినట్టు పైపొర మాత్రమే గట్టిపడి, కింద జారుడు బురద అలాగే ఉంటుంది. నవంబరు మూడో వారానికి గైడ్లు నమ్మకంగా తిరిగే జాడలు చాలావరకు తేలతాయి. వానలు ఆలస్యంగా తగ్గిన ఏడాదిలో ఇది ఇంకా వెనక్కు పోతుంది. కాబట్టి రణ్‌ను మీ ప్రయాణంలో ఎంత చివరికి జరిపితే అంత మేలు, చుట్టును తిప్పమని చెప్పడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం పండుగ. దీపావళి మరునాటి నుంచి లాభ పంచమి వరకు గుజరాత్‌లో వ్యాపారాలు మూతపడతాయి, పెద్ద ఊళ్ళలో సైతం మెకానిక్ గ్యారేజీలు, టైర్ల దుకాణాలు తెరవరు, హైవే మీద ఎన్నో భోజనశాలలకు తాళాలు కనిపిస్తాయి. ఆ నాలుగైదు రోజులూ గుజరాతీ కుటుంబాలు కార్లు తీసుకొని ఉదయ్‌పూర్, ఆబూ, జైసల్మేర్ దారి పడతాయి, జైసల్మేర్‌లో గది అద్దె ఆ వారంలో ఎంత చెబితే అంత. ఈ ఏడాది లాభ పంచమి నవంబరు 14న వస్తోంది. మీరు భావుబీజ్, అంటే భగినీహస్త భోజనం, ఇంట్లో చేసుకొని, మరునాడు, అంటే నవంబరు 12న తెల్లవారుజామున బయలుదేరితే, నాలుగో రోజు సాయంత్రం జైసల్మేర్ చేరేసరికి ఆ రద్దీ తిరుగుముఖం పట్టి ఉంటుంది. తరువాత మీరు గుజరాత్‌లోకి దిగేనాటికి అక్కడి దుకాణాలూ తెరిచి ఉంటాయి, రణ్ కూడా మరో వారం ఎండ కాచుకొని ఉంటుంది.

ఇక ఎండ మాట. చంద్రపూర్ వేసవిని తట్టుకొనే మనకు అక్టోబరు ఎండ ఒక లెక్కా అని మీ ప్రశ్నలో ఒక వాక్యం ఉంది. జైసల్మేర్‌లో అక్టోబరు పగలు సగటున 36 డిగ్రీల దాకా పోతుంది, నవంబరులో 31కి దిగి, రాత్రులు 14 ప్రాంతానికి వస్తాయి. అంకెలకంటే ముఖ్యమైనది గాలిలో తేమ లేకపోవడం. మన దగ్గర చెమట చొక్కాకు అంటుకొని దాహాన్ని గుర్తు చేస్తుంది, అక్కడ చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది. పెద్దవాళ్ళు దాహం వేయలేదని నీళ్ళు మానేసి సాయంత్రానికి తలనొప్పి, కాళ్ళ పీకులతో పడుకుంటారు. నాన్నగారికి గంట గంటకూ నీళ్ళు ఇవ్వడం కారులో ఎవరో ఒకరి పనిగా పెట్టుకోండి. చాలాచోట్ల భూగర్భ జలం ఉప్పగా ఉంటుంది కాబట్టి ఇరవై లీటర్ల క్యాను ఒకటి ఎప్పుడూ డిక్కీలో ఉండాలి.

వెళ్ళేదారి గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది చూడటానికి కాదు, చేరుకోవడానికి. మొదటి రోజు వరోరా, నాగపూర్ మీదుగా బేతూల్‌లో ఆగండి, రెండో రోజు భోపాల్ బయటి నుంచే దాటి ఝాలావాడ్, మూడో రోజు కోటా, బూందీ మీదుగా జోధ్‌పూర్. రోజుకు నాలుగు వందల నుంచి ఐదు వందల కిలోమీటర్లు మించకూడదు. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్‌కు నేరుగా పోకుండా, ఫలోదీ మీదుగా తిరిగి ఖీచన్ ఊరు చూసి వెళ్ళండి. సెప్టెంబరు నుంచి మార్చి వరకు మధ్య ఆసియా నుంచి వచ్చే కుర్జా కొంగలు, అంటే డెమొయిసెల్ క్రేన్లు, వేల సంఖ్యలో అక్కడ దిగుతాయి, ఊరివాళ్ళు తరతరాలుగా వాటికి గింజలు వేస్తున్నారు. పొద్దున గింజలు వేసే వేళకు అక్కడ ఉండాలంటే జోధ్‌పూర్ నుంచి చీకటితోనే బయలుదేరవలసి వస్తుంది, అది వద్దు, తరువాత ఊరి చెరువు దగ్గర చూసినా చాలు.

చీకటి వద్దని ఎందుకంటున్నానో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రయాణంలో నేను దేనికీ ఒప్పుకోని విషయం రాత్రి డ్రైవింగ్ ఒక్కటే. జైసల్మేర్ మన చంద్రపూర్‌కు ఎనిమిది డిగ్రీలకు పైగా పడమరన, ఏడు డిగ్రీల ఉత్తరాన ఉంది, గడియారం మాత్రం ఒకటే. నవంబరు మధ్యలో అక్కడ సూర్యోదయం ఏడింటి ప్రాంతంలో అవుతుంది, మన దగ్గరకంటే దాదాపు నలభై నిమిషాలు ఆలస్యం. సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. అంటే పదకొండు గంటలకు కాస్త తక్కువ వెలుతురే మీ చేతిలో ఉంటుంది, ప్రతి రోజు దూరాన్నీ కిలోమీటర్లలో కాక ఈ వెలుతురులో కొలవాలి. చీకటి పడ్డాక రోడ్డు మీదకు నీల్‌గాయ్‌లు, ఆవులు, ఒంటెలు వస్తాయి. ఒంటె కాళ్ళు పొడుగు కాబట్టి కారు బానెట్ దాని కాళ్ళను తగిలితే ఆ బరువంతా నేరుగా ముందు అద్దం మీద పడుతుంది. ముదురు రంగు రోడ్డు మీద దాని గోధుమరంగు శరీరం హెడ్‌లైట్లకు అందేసరికి బ్రేకు వేసే వ్యవధి మిగలదు.

జైసల్మేర్‌లో మూడు రాత్రులు ఉంచుకోండి. ఎడారి జాతీయ ఉద్యానం 1980లో ఏర్పడింది, జైసల్మేర్, బాడ్మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్లు విస్తరించి ఉంది. అంత పెద్ద పార్కుకు తాడోబాలా ఒక గేటు, టోకెను, జిప్సీ వరుస ఉంటాయని వెతికితే నిరాశ పడతారు. లోపలే ఊళ్ళు, పొలాలు, మేకల మందలు ఉంటాయి. ఇసుక తిన్నెలు ఐదో వంతు మాత్రమే, మిగిలినదంతా రాతినేల, గులకనేల, సేవణ్ గడ్డి మైదానం. చూడదగిన చోటు సుదాసరీ కంచె ప్రాంతం, దానికి జైసల్మేర్‌లోని అటవీ కార్యాలయంలో ముందురోజే అనుమతి అడిగి, స్థానిక గైడును వెంట పెట్టుకొని వెళ్ళాలి.

అక్కడ అందరూ వెతికేది బట్టమేక పిట్టను. రాజస్థాన్‌లో గోడావణ్ అని, మన మరాఠీ ఇరుగుపొరుగు మాళఢోక్ అని పిలిచే పక్షి అదే. మన వరోరా, భద్రావతి వైపు చేలల్లో కూడా మొన్నమొన్నటి వరకు ఇది కనిపించేది కాబట్టి మనవాళ్ళకు ఈ పక్షితో ఒక బంధుత్వం ఉందనే అనుకుంటాను. ఇప్పుడు స్వేచ్ఛగా తిరిగేవి లోకమంతటా కలిపి నూట యాభైకి మించి లేవని అంచనా, వాటిలో ఎక్కువ భాగం జైసల్మేర్ జిల్లాలోనే ఉన్నాయి. పదిహేను కిలోల వరకు తూగే ఈ పక్షి నేరుగా ముందుకు చూసే చూపు ఇరుకు కావడంతో ఎదురుగా ఉన్న కరెంటు తీగను గమనించి పక్కకు తప్పుకోలేదు, అంతటి బరువుతో తప్పుకొనే వీలు కూడా తక్కువ. తీగలను భూమిలో వేయాలన్న వాదం సుప్రీంకోర్టు దాకా పోయింది, 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఆదేశాన్ని 2024 మార్చిలో సవరించారు. దారి పొడవునా మీకు కనిపించే గాలిమరలు, సౌర పలకల పొలాలు చూసినప్పుడు ఈ సంగతి అమ్మాయికి చెప్పండి. జైసల్మేర్ జిల్లాలోని సమ్ దగ్గర 2019 నుంచి ఈ పక్షి గుడ్లు పొదిగించి పిల్లలను పెంచే కేంద్రం నడుస్తోంది కానీ అది సందర్శకుల కోసం కాదు. పక్షి కనిపిస్తుందని నేను మాట ఇవ్వను, ఎవరైనా డబ్బు తీసుకొని ఇస్తే నమ్మవద్దు. చింకారా జింకలు, ఎడారి నక్క, రాబందులు, గద్దలు మాత్రం ఓపికగా చూసేవారికి దొరుకుతాయి. తాడోబాలో పులి జిప్సీ పక్కనుంచి పోతుంది, ఇక్కడ జంతువు అరకిలోమీటరు దూరాన చుక్కలా ఉంటుంది, కాబట్టి ఇంట్లో ఉన్న డబ్బును కెమెరాకంటే ముందు ఒక మంచి బైనాక్యులర్ మీద పెట్టండి.

సమ్ తిన్నెల దగ్గర టెంట్లలో రాత్రి బస చేయాలని మీ జాబితాలో ఉంది. అక్కడ రాత్రి పొద్దుపోయేదాకా డీజే పాటలు, తిన్నెల మీద జీపు పందేలు సాగుతాయి, నిశ్శబ్దం కోసం వచ్చినవారికి అది మంగళవారపు సంతకంటే గోలగా ఉంటుంది. ఖూరీ వైపు చిన్న ఇళ్ళలో దిగితే ఇసుకా ఉంటుంది, నిద్రా పడుతుంది. మీరు వెళ్ళే రోజుల్లో శుక్ల పక్షం మొదటి సగం కాబట్టి చంద్రుడు రాత్రి పదకొండు, పన్నెండు ప్రాంతంలో అస్తమిస్తాడు, ఆ తరువాత మన బొగ్గు ఊళ్ళ ఆకాశంలో ఎన్నడూ కనిపించనన్ని నక్షత్రాలు కనిపిస్తాయి. బూట్లు గది బయట వదలవద్దు, తొడిగే ముందు దులపండి, నవంబరులో కూడా రాత్రిపూట చిన్న పింజర పాములు తిరుగుతాయి. నగరానికి పదిహేడు కిలోమీటర్ల దూరంలో, బాడ్మేర్ దారిలో ఉన్న ఆకల్ శిలాజ వనాన్ని తప్పకుండా చూడండి. పద్దెనిమిది కోట్ల ఏళ్ళనాటి చెట్ల మొద్దులు రాళ్ళై అక్కడ పడి ఉన్నాయి, గోదావరి లోయ బొగ్గు తవ్విన నాన్నగారికి ఆ చోటు మిగతా అందరికంటే ఎక్కువ అర్థమవుతుంది.

దారిలో ఎక్కడ చూసినా కనిపించే ఖేజ్రీ చెట్టు మన జమ్మి చెట్టే. దసరానాడు ఇక్కడ మరాఠీవాళ్ళు ఆప్టా ఆకులు పంచుకుంటూ ఉంటే మనం చేతిలో పెట్టుకొనే ఆకు దానిదే. దాని కాయలతో చేసే కేర్‌-సాంగ్రీ కూర సజ్జరొట్టెతో తినిపించండి. అన్నం లేనిదే గడవదంటే, గుజరాత్ వైపు ఖిచడీ, కఢీ రాత్రిపూట ఎక్కడైనా దొరుకుతాయి.

జైసల్మేర్ నుంచి తనోట్ గుడికి నూట ఇరవై కిలోమీటర్లు, ఒక పూట పోయి రావచ్చు. రామ్‌గఢ్‌లోనే ట్యాంకు నింపుకోండి, ఆ తరువాత బంకు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. ఒకవేళ ఒక రోజు తగ్గించవలసి వస్తే నేను ముందుగా కొట్టివేసేది ఈ తనోట్‌నే.

అక్కడి నుంచి బాడ్మేర్, సాంచోర్, థరాద్, రాధన్‌పూర్ మీదుగా దసాడాకు దిగడానికి రెండు రోజులు తీసుకోండి, సాంచోర్‌లో రాత్రి ఆగవచ్చు. పక్కనే 2023లో తెరిచిన అమృత్‌సర్–జామ్‌నగర్ కొత్త రహదారి మిమ్మల్ని ఊరిస్తుంది, అయితే అటువంటి రోడ్డు మీద గంటలకొద్దీ ఒకే వేగంతో పోతే పాత టైర్లు పేలతాయి. నాలుగేళ్ళు దాటిన టైర్లుంటే బయలుదేరకముందే చంద్రపూర్‌లోనే మార్పించండి. గాలి ఉదయం, బండి చల్లగా ఉన్నప్పుడే చూపించుకోవాలి. స్టెప్నీలో గాలి ఉందో లేదో చూసేవారు నూటికి పదిమంది ఉండరు, మీరు ఆ పదిమందిలో ఉండండి. తిరిగొచ్చాక ఎయిర్ ఫిల్టర్ మార్పించక తప్పదు, లోపలంతా ఉప్పుదుమ్మే ఉంటుంది.

రణ్ మీదకు సొంత కారు దింపవద్దు. దసాడా, జైనాబాద్, బజాణా వైపు నుంచి అనుమతి పొందిన గైడులే తమ జీపుల్లో తీసుకువెళ్తారు, ఎక్కడ పొర గట్టిదో వాళ్ళకు రంగు చూస్తే తెలుస్తుంది. పొద్దున్న సఫారీలో చలిగాలి, సాయంత్రం సఫారీలో దుమ్ము ఉంటాయి. గని దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులున్న నాన్నగారికి పొద్దున్నదే మేలు, ఎన్95 మాస్కు, చెవులకు మఫ్లరు తప్పవు, ఇన్‌హేలర్ వాడుతుంటే అది జేబులోనే ఉండాలి. అడవి గాడిదలు, అక్కడివారు ఖుర్ అనేవి, 2024 లెక్కలో 7,672 తేలాయి. ఈ భారతీయ ఉపజాతి లోకంలో మరెక్కడా ఈ సంఖ్యలో లేదు. వానాకాలమంతా అవి బేట్ అనే మెరక దీవుల మీద గడిపి, నేల ఆరినకొద్దీ చెదురుతాయి, గంటకు డెబ్బై కిలోమీటర్ల దాకా పరుగెత్తగలవు కాబట్టి జీపును వాటి వెంట తరమమని డ్రైవరును అడగకండి, దూరంగా ఆపి ఇంజను కట్టేస్తే అవే మేస్తూ దగ్గరికి వస్తాయి. మన ఊరి చెరువు గట్లను మింగేసిన సర్కారు తుమ్మ అక్కడా వ్యాపించింది. ఆ కాయలు తిని, విత్తనాలను చల్లుకుంటూ పోయేవి ఈ గాడిదలే. అదే సమయానికి ఉప్పు పండించే అగరియాలు కుటుంబాలతో రణ్‌లోకి వచ్చి, భూమిలోంచి ఉప్పునీరు తోడి మడులు కట్టడం మొదలుపెడతారు. ఉప్పు తెల్లగా గడ్డకట్టడం ఆ రోజుల్లో కనిపించదు కానీ, మడులను కాళ్ళతో తొక్కి గట్టిపరిచే పని కనిపిస్తుంది, నా దృష్టిలో అది గాడిదలను చూడటం కంటే తక్కువదేమీ కాదు.

మీ జాబితాలోని ధోర్డో తెల్ల రణ్‌ను తీసేయమని చెప్పడానికి కాస్త సంకోచంగానే ఉంది, ఎందుకంటే ఫోటోలు చూసి అమ్మాయి ఆశపడి ఉంటుంది. అది దసాడా నుంచి చాలా దూరం, అక్కడికి పోతే వేలావదర్ వదలాలి, పైగా నవంబరులో అక్కడ తెల్ల ఉప్పుకు బదులు నీళ్ళే ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది. దానిని వేరే ఏడాది, జనవరి పౌర్ణమికి పెట్టుకోండి. రణథంబోర్, తాల్ ఛాపర్ కూడా ఈ చుట్టులో ఇమడవు. మొదటిది ఎడారే కాదు, పులి కోసమైతే మన ఇంటి పక్కనే ఉంది.

వేలావదర్ ముప్పై నాలుగు చదరపు కిలోమీటర్ల చిన్న గడ్డిమైదానం, 1976లో జాతీయ ఉద్యానమైంది. కచ్చితంగా చెప్పాలంటే అది ఎడారి కాదు, మెట్టప్రాంతపు గడ్డినేల. అయినా ఇన్ని రోజులు చుక్కల్లాంటి జంతువులను చూసిన పిల్లకు చేరువలో కృష్ణజింకల మందలు కనిపించేది అక్కడే. సాయంత్రం పొద్దు గుంకే వేళ హ్యారియర్ గద్దలు వందలుగా గడ్డిలోకి రాత్రి నిద్రకు దిగుతాయి, దానికోసమే ఒక సాయంత్రం, జింకల కోసం మరునాటి ఉదయం పెట్టుకోండి.

తిరుగుదారి అహ్మదాబాద్, గోద్రా, ఇందోర్, బేతూల్, నాగపూర్, అంతా 47వ జాతీయ రహదారి. గోద్రాలోనో దాహోద్‌లోనో ఒక రాత్రి, ఇందోర్ దాటాక మరొకటి. మొత్తం సుమారు నాలుగు వేల కిలోమీటర్ల లోపు అవుతుంది, 2025 ఆగస్టు 15న మూడు వేల రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాసు జాతీయ రహదారుల మీద రెండు వందల సార్లు టోల్ దాటడానికి పనికివస్తుంది కాబట్టి తీసుకోవడమే లాభం. బండి కాగితాలు, పొల్యూషన్ పత్రం, అందరి ఆధార్ కార్డులు ఒకే సంచీలో ఉంచండి, మహారాష్ట్ర నంబరు చూసి గుజరాత్ సరిహద్దులో మద్యం సీసాల కోసం వెతుకుతారు, గడ్చిరోలి చుట్టాలున్నవారికి ఆ తనిఖీ కొత్త కాదు.

ఈ లెక్క ప్రకారం పద్నాలుగు రోజులు పోగా ఒక రోజు మిగులుతుంది. దానిని ముందే ఏ ఊరికీ కేటాయించవద్దు. టైరుకో, నాన్నగారి ఒంటికో, వాన పడి తడిసిన రణ్‌కో అది అవసరం కావచ్చు. మీ బావమరిది కుటుంబానికి దసరా సెలవులే వీలైతే, వారితో కలిసి అక్టోబరులో తాడోబాకు వెళ్ళండి, రెండు కుటుంబాలూ కలిసినట్టూ ఉంటుంది, తెరిచిన కొత్తలో అడవి పచ్చగానూ ఉంటుంది. ఎడారికి మాత్రం మీ ఒక్క కారే చాలు. దసాడా, వేలావదర్‌ల బసలకు ఇప్పుడే ఫోను చేయండి, జైసల్మేర్ గదికి లాభ పంచమి తరువాతి తేదీల ధర విడిగా అడగండి, అడగకపోతే పండుగ ధరే చెబుతారు.